ఒక్కడి గొంతు, నలుగురి పేరు

పింక్ ఫ్లాయిడ్ పాటలంటే ప్రాణమిచ్చేవాళ్లు ఇద్దరు ఒకచోట కూర్చుంటే 'డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' గురించి తగువు పడరు. 'విష్ యూ వర్ హియర్' గురించీ పడరు. 'ద ఫైనల్ కట్' పేరెత్తితే మాత్రం గొంతులు లేస్తాయి. 1983 మార్చిలో వచ్చిన ఈ ఆల్బమ్ బ్రిటన్‌లో మొదటి స్థానానికి వెళ్లింది, అమెరికాలో ఆరో స్థానం దగ్గర ఆగింది. 'రోలింగ్ స్టోన్' పత్రిక ఐదు నక్షత్రాలూ ఇచ్చింది. ఇంగ్లండులో కొందరు విమర్శకులు చీల్చి చెండాడారు. దీన్ని బ్యాండ్ ఏ ఊళ్లోనూ వేదిక ఎక్కించలేదు. కీబోర్డ్ వాయించే రిచర్డ్ రైట్ అప్పటికే బయటికి పోయాడు. రెండేళ్లు తిరిగేసరికి, పాటలన్నీ రాసిన రోజర్ వాటర్స్ కూడా వెళ్లిపోయాడు.

ఈ కింది మాటలు ఒక అక్కా తమ్ముళ్లవి. అక్క కాలేజీలో చరిత్ర చెబుతుంది. తమ్ముడు హైదరాబాదులో సినిమాలకు సౌండ్ మిక్సింగ్ చేస్తాడు, ఇంట్లో గిటార్ వాయిస్తాడు. ఇద్దరికీ ఈ వాదన ఎప్పటినుంచో ఉంది. నేను విన్నది విన్నట్టు రాస్తున్నాను. నాకు తోచింది కూడా మధ్యలో చెబుతాను, ఎందుకంటే ఈ ఆల్బమ్ విషయంలో ఎటూ కాకుండా ఉండటం నా వల్ల కాదు.

తమ్ముడు: ముందే చెప్పేస్తానక్కా. అది మంచిదా చెడ్డదా అన్నది తర్వాత సంగతి. అసలది పింక్ ఫ్లాయిడ్ ఆల్బమే కాదు. వాళ్ల అట్టే ఆ మాట చెబుతోంది. రాసింది రోజర్ వాటర్స్, వాయించింది పింక్ ఫ్లాయిడ్ అని వేశారు. ఏ బ్యాండైనా తన రికార్డు మీద తన పేరు అలా రెండో వరసలో వేసుకుంటుందా? పాటలన్నీ వాటర్స్‌వే. పాడిందీ ఆయనే. గిటార్ వాయించే గిల్మోర్ గొంతు ముందుకొచ్చేది 'నాట్ నౌ జాన్' ఒక్కదాంట్లోనే. నిర్మాతల పేర్లలోంచి గిల్మోర్‌ని తీసేశారు. ఎన్నో ఏళ్లు వాళ్లకి అట్టలు చేసిపెట్టిన స్టార్మ్ థార్గర్‌సన్‌ని పిలవలేదు. వాటర్స్ తనే అట్ట రూపొందించుకుని, తన బావమరిది చేత ఫొటోలు తీయించుకున్నాడు. ఇంక బ్యాండ్‌కి ఏం మిగిలింది?

అక్క: మరి పాటలు ఇంకెవరు రాస్తార్రా? గిల్మోర్ ఏమైనా పట్టుకొచ్చాడా? ఆ సమయానికి తన దగ్గర ఏమీ లేదని, కొంచెం టైము అడిగానని ఆయనే తర్వాత చెప్పాడు. వాటర్స్ ఆగలేదు. ఎందుకు ఆగలేదో చూడు. 1982 ఏప్రిల్ 2న అర్జెంటీనా సైన్యం ఫాక్లాండ్ దీవుల్లో దిగింది. జూన్ 14కి యుద్ధం ముగిసింది. ఆ కాస్త కాలంలోనే అర్జెంటీనా వైపు 649 మంది, బ్రిటన్ వైపు 255 మంది సైనికులు పోయారు. బ్రిటిష్ జలాంతర్గామి ముంచేసిన 'జనరల్ బెల్‌గ్రానో' అనే ఓడ ఒక్కదాంట్లోనే 323 మంది. జూలైలో వీళ్లు స్టూడియోలో ఉన్నారు. తమ ముందు ఆల్బమ్ 'ద వాల్' మీద తీసిన సినిమా కోసం చేసిన పాటలూ, మిగిలిపోయిన పాటలూ కలిపి ఒక రికార్డు వేద్దామని మొదలుపెట్టారు. ఆ యుద్ధం వచ్చి దాని దారే మార్చేసింది. కళ్లముందు శవపేటికలు దిగుతుంటే, గిల్మోర్‌కి ట్యూన్ తట్టేదాకా ఆగమంటావా?

తమ్ముడు: మిగిలిపోయిన పాటలు అని నువ్వే అన్నావు. గిల్మోర్ అడిగింది కూడా అదే. 'ద వాల్'కి పనికిరావని పక్కన పెట్టిన పాటలు ఇప్పుడెలా పనికొస్తాయని. 'యువర్ పాసిబుల్ పాస్ట్స్', 'వన్ ఆఫ్ ద ఫ్యూ', ఆల్బమ్ పేరు పెట్టుకున్న 'ద ఫైనల్ కట్' పాట, అన్నీ అలా పక్కన పెట్టినవే. నాకది న్యాయమైన ప్రశ్నే అనిపిస్తుంది.

అక్క: న్యాయమైన ప్రశ్న కాదు. పక్కన పెట్టిన పాటలతోనే కదా ఆ బ్యాండ్ బతికింది. నువ్వు నెత్తిన పెట్టుకునే 'అస్ అండ్ దెమ్' ఏమిటి? ఆంటోనియోని తీసిన 'జాబ్రిస్కీ పాయింట్' సినిమాకి రైట్ పియానో మీద చేసిస్తే, ఆయన వద్దన్నాడు. అదే 1973లో 'డార్క్ సైడ్'లోకి వచ్చింది. 'యానిమల్స్'లో 'డాగ్స్', 'షీప్' రెండూ 1974లోనే వేరే పేర్లతో వాయించారు. 'విష్ యూ వర్ హియర్'లో చోటు దొరక్క మూడేళ్లు మూలన పడున్నాయి. అప్పుడు గిల్మోర్ ఏమీ అనలేదే?

తమ్ముడు: అనలేదు. ఎందుకంటే ఆ పాటలు ఖాళీగా పడి లేవు. 'డాగ్స్', 'షీప్' ఊరూరా వేదికల మీద వాయించారు. 'అస్ అండ్ దెమ్' కూడా రికార్డు చేయకముందే 1972లో జనం ముందు వాయించారు. రైట్ ఒక కార్డు మారుస్తాడు, డ్రమ్స్ వాయించే మేసన్ తాళం కాస్త వెనక్కి లాగుతాడు, గిల్మోర్ ఎక్కడ ఆగాలో నేర్చుకుంటాడు. నలుగురి చేతుల్లో నలిగి నలిగి పాట తయారైంది. 'ఫైనల్ కట్' పాటలకి ఆ నలుగుడు లేదు. చాలాసార్లు వాటర్స్ ఒక స్టూడియోలో గొంతు రికార్డు చేస్తుంటే గిల్మోర్ ఇంకో స్టూడియోలో గిటార్ వేశాడు. ఆ రికార్డు పని ఎనిమిది స్టూడియోల్లో జరిగింది. నాకది వినపడుతుంది. ఒకరి ఊపిరి ఇంకొకరికి తగలదు ఆ పాటల్లో.

అక్క: సరే, ఆ మాట పక్కన పెట్టు. పాత పాటలు ఎందుకు తెచ్చాడో చూడు. 'ద వాల్'లో ఒక స్కూలు మాస్టారు ఉన్నాడు కదా, పిల్లల్ని చితక్కొట్టేవాడు. ప్రపంచమంతా ఆయన్ని తిడుతూ పాడింది. 'ద హీరోస్ రిటర్న్'లో ఆ మాస్టారే మాట్లాడతాడు. యుద్ధంలో బాంబర్ విమానంలో డ్రెస్డెన్ మీదికి వెళ్లొచ్చాడు. తిరిగొచ్చాక పాఠాలు చెబుతున్నాడు. భార్యకి చెప్పుకోలేడు, ఎవరికీ చెప్పుకోలేడు. విమానంలో తనతో ఉన్న గన్నర్ చావు చెవుల్లో మోగుతూనే ఉంటుంది. 'ద వాల్'లో ఆ పాట పెట్టి ఉంటే అక్కడ కుదిరేది కాదు, ఎందుకంటే అక్కడ మాస్టారు రాక్షసుడుగా ఉండాలి. ఇక్కడ ఆయన మనిషయ్యాడు. నాలుగేళ్ల కిందట తను తిట్టిన మనిషికి మళ్లీ మాట్లాడే చోటిచ్చాడు వాటర్స్. మిగిలిపోయిన సరుకు అమ్ముకోవడమా అది?

ఇక్కడ నేను అక్క పక్షం. 'ద వాల్' నిండా నాకు జరిగింది, నన్ను చేశారు అనే గొంతే ఉంటుంది. అందులో ఇంకెవరి బాధకీ తావు లేదు. 'ఫైనల్ కట్'లో మాస్టారు, విమానంలోంచి పడిపోతున్న గన్నర్, సౌతాంప్టన్ రేవులో కొడుకుల్ని సాగనంపే తల్లి, వరసగా ఇతరులు వచ్చి నిలబడతారు. వాటర్స్ ఒక్కడే పాడతాడు, నిజమే. కానీ ఆ ఒక్క గొంతులో ఎక్కువ మంది ఉన్నారు. సంగీతం మాట అలా ఉంచితే, రచనగా ఇది 'ద వాల్'ని దాటింది.

తమ్ముడు: రచన గొప్పదే. నేను కాదనలేదు. మనం మాట్లాడుతున్నది రికార్డు గురించి.

అక్క: రచన ఎక్కడినుంచి వచ్చిందో తెలియకుండా రికార్డు ఎలా వింటావు? రోజర్ తండ్రి ఎరిక్ ఫ్లెచర్ వాటర్స్ అని 1913లో పుట్టినాయన. స్కూలు టీచరు. యుద్ధం మొదట్లో ఆయుధం పట్టనన్నాడు, లండన్ మీద బాంబులు పడుతుంటే అంబులెన్స్ నడిపాడు. తర్వాత మనసు మార్చుకుని, ఫాసిస్టులతో పోరాడాల్సిందేనని సైన్యంలో చేరాడు. 1944 ఫిబ్రవరి 18న ఇటలీలో ఆంజియో దగ్గర చనిపోయాడు. శవం దొరకలేదు. అప్పటికి రోజర్‌కి ఐదు నెలలు. రోజర్ తాత కూడా మొదటి ప్రపంచయుద్ధంలో, 1916లో, ఫ్రాన్సులో పోయాడు. ఈ ఆల్బమ్ ఆ తండ్రికి అంకితం. తండ్రి మొదట వద్దన్న యుద్ధానికి తనే ఎందుకు వెళ్లాడు? ఇకమీదట మంచి లోకం వస్తుందని. యుద్ధం అయ్యాక కొంత వచ్చింది కూడా. 1945లో లేబర్ ప్రభుత్వం, 1948లో అందరికీ ఉచిత వైద్యం. 1982 జనవరికి బ్రిటన్‌లో ముప్ఫై లక్షల మంది నిరుద్యోగులు. క్లైడ్ నది ఒడ్డున ఓడల కార్ఖానాలు మూతబడుతున్నాయి. అదే ఏడాది కొడుకుల్ని మళ్లీ ఓడలెక్కించారు. మా నాన్న దేనికి చచ్చిపోయాడు అని ఆ కొడుకు అడుగుతున్నాడు. ఆ ప్రశ్నకి నలుగురు కూర్చుని ట్యూన్ కట్టాలా?

ఇంకోటి చెప్తాను, నా క్లాసులో చెప్పేది. ఆంజియోలో సైన్యాన్ని దింపింది కాసినో దగ్గర జర్మన్ల పట్టు సడలించడానికి. ఆయన చనిపోయిన వారంలోనే కాసినో కొండ మీదికి 4వ ఇండియన్ డివిజన్‌ని పంపారు. అందులో మద్రాస్ శాపర్లు ఉన్నారు, మన జిల్లాల నుంచి కూడా ఆ రెజిమెంట్‌లో చేరేవాళ్లు. వాళ్ల పిల్లలు ఎవరికీ రికార్డు చేసే అవకాశం రాలేదు. ఈ ఆల్బమ్ వింటున్నప్పుడు నాకు వాళ్లు కూడా గుర్తొస్తారు.

తమ్ముడు: అక్కా, దుఃఖం నిజమే. దుఃఖం నిజమైతే పాట దానంతటదే నిలబడుతుందా? నా బాధ చెప్పనీ. బుర్రకథలో కథ చెప్పేది ఒక్కడే. అయినా పక్కన ఇద్దరు వంతలు ఉంటారు. వాళ్లు ఊరికే తందాన అనడానికి లేరు. కథకుడు ఏడిస్తే ఒకడు ఆపుతాడు, ఆవేశపడితే ఇంకొకడు అడ్డం పడి ప్రశ్న వేస్తాడు. అందువల్లే కథ కదులుతుంది. పింక్ ఫ్లాయిడ్‌లో రైట్ చేసింది అదే. 'ఎకోస్' మొదలయ్యేది ఆయన పియానో మీద ఒకే ఒక్క స్వరంతో. వాటర్స్ ఎంత కోపంగా రాసినా కింద రైట్ కార్డులు మెత్తగా పరిచి, ఆ కోపానికి చోటిచ్చేవాడు. ఆయన్ని 'ద వాల్' రికార్డింగప్పుడే బయటికి పంపేశారు. 1980, 81 కచేరీల్లో జీతానికి వాయించాడు. ఆ కచేరీల్లో మిగతా ముగ్గురూ నష్టపోతే, జీతం తీసుకున్న ఆయనకే డబ్బు మిగిలింది. 'ఫైనల్ కట్'కి ఆయన లేడు. పియానో, హార్మోనియం మైకేల్ కేమెన్ వాయించాడు, ఆర్కెస్ట్రా ఆయనదే. మంచి పనివాడే. కానీ కేమెన్ వాటర్స్‌ని మోశాడు, ఎదురు చెప్పలేదు. ఆర్కెస్ట్రా వాటర్స్ గొంతుతోపాటు పైకి లేస్తుంది, గొంతుతోపాటు పడిపోతుంది. వంత లేదు.

అక్క: వంత వద్దనే చోటు కూడా ఉంటుంది. చావింట్లో ఏడుస్తున్నవాడికి అడ్డం పడి ప్రశ్న వేస్తారా?

తమ్ముడు: నలభై మూడు నిమిషాలు ఒకడే ఏడుస్తుంటే వేస్తారు. నేను రోజూ మిక్సింగ్ బల్ల ముందు కూర్చునేవాణ్ణి. ఈ రికార్డులో గుసగుస నుంచి అరుపుకి ఒక్క క్షణంలో వెళ్తాడు, మళ్లీ గుసగుస. మొదటిసారి విన్నప్పుడు ఒళ్లు జలదరిస్తుంది. ఆరో పాటకి వచ్చేసరికి ఎప్పుడు అరుస్తాడో ముందే తెలిసిపోతుంది. ఆ అరుపుని ఎక్కడ దాచుకోవాలో చెప్పేవాడు పక్కన ఉండాలి. నిర్మాతల్లోంచి గిల్మోర్‌ని తీసేశాక చెప్పే ధైర్యం ఎవరికుంటుంది?

కానీ శబ్దం సంగతికొస్తే తల వంచుతాను. ఆ రికార్డులో హోలోఫోనిక్స్ అని ఒక పద్ధతి వాడారు. హ్యూగో జుకరెల్లి అనే ఆయన కనిపెట్టింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే శబ్దం ఎడమా కుడీ మాత్రమే కాదు, తల చుట్టూ తిరుగుతుంది. 'గెట్ యువర్ ఫిల్తీ హ్యాండ్స్ ఆఫ్ మై డెజర్ట్'లో క్షిపణి చెవి పక్కనుంచి దూసుకెళ్లి ఎక్కడో వెనక పేలుతుంది. ఆ వెంటనే ఏమీ కానట్టు వయొలిన్లు మొదలవుతాయి. ఆ జుకరెల్లి అర్జెంటీనాలో పుట్టినవాడు. ఫాక్లాండ్ యుద్ధం గురించిన బ్రిటిష్ రికార్డుకి ఆయన శబ్దం. ఆ సంగతి నన్ను చాలా రోజులు వదల్లేదు.

అక్క: నువ్వు తల వంచాల్సిన చోటు ఇంకోటుంది. 'ద గన్నర్స్ డ్రీమ్'.

తమ్ముడు: తెలుసు. దాని దగ్గరికే వస్తావనీ తెలుసు.

అక్క: 1982 జూలై 20న లండన్ రీజెంట్స్ పార్కులో సైనిక బ్యాండ్ వాయిస్తుంటే, వేదిక కింద ఐఆర్ఏ పెట్టిన బాంబు పేలింది. ఏడుగురు వాద్యగాళ్లు పోయారు. అప్పటికి వీళ్లు ఈ పాటలే రికార్డు చేస్తున్నారు. వెంటనే అది పాటలోకి వచ్చేసింది. పేలిపోయిన విమానంలోంచి కిందికి పడుతూ ఒక గన్నర్ కలగంటాడు. ఏ కల? పెద్ద కలేం కాదు. తినడానికి ఉండాలి. ముసలివాళ్లు వీధిలో భయం లేకుండా నడవాలి. సందేహం వస్తే నలుగురిలో పైకి చెప్పుకోగలగాలి. చట్టం అందరికీ ఒకటే కావాలి. రిమోట్‌తో బ్యాండ్‌వాళ్లని పేల్చేసేవాళ్లు ఉండకూడదు. ఇంతే. ఇంత చిన్న కల కోసం మనుషులు చచ్చిపోయారు, అదీ దక్కలేదు. యుద్ధం మీద ఇంతకంటే నిజాయితీ ఉన్న పాట నేను రాక్‌లో వినలేదు.

తమ్ముడు: అందులో నాకు ప్రాణం పోసేది మాటలు కాదక్కా. మధ్యలో వాటర్స్ ఒక మాటని పట్టుకుని అరుస్తాడు. ఆ అరుపు సాగి సాగి, ఎక్కడో తెలియని చోట శాక్సఫోన్ అయిపోతుంది. గొంతు ఎక్కడ ఆగిందో, శాక్స్ ఎక్కడ మొదలైందో నేను ఎన్నిసార్లు విన్నా గీత గీయలేను. వాయించింది రాఫెల్ రేవన్స్‌క్రాఫ్ట్. 'బేకర్ స్ట్రీట్' పాటలో శాక్స్ ఆయనదే. బ్యాండ్‌లో మనిషి కూడా కాదు, బయటినుంచి వచ్చి వాయించి వెళ్లిపోయినవాడు. వాటర్స్ అరిచి అరిచి ఇంక అరవలేనిచోట ఆ అరుపు ఇంకొకడు అందుకున్నాడు. ఆ రికార్డు మొత్తం మీద నాకు ఒళ్లు మరిచిపోయేంత గొప్ప చోటు అదే. ఎందుకు గొప్పదో చూడు. అక్కడ వంత పలికింది.

ఈ మాట దగ్గర నేను తమ్ముడి పక్షానికి వచ్చేశాను. ఇన్నాళ్లుగా ఆ పాట వింటున్నా, అది ఎందుకు పట్టేస్తుందో నాకు ఇంత తేటగా తెలియలేదు. ఒక మనిషి బాధ అతని గొంతులోనే ఉన్నంతసేపు మనం జాలిపడతాం. ఇంకొకరి ఊపిరిలోకి వెళ్లగానే అది మనదవుతుంది. 'ద ఫ్లెచర్ మెమోరియల్ హోమ్'లో గిల్మోర్ గిటార్ వచ్చినప్పుడూ ఇదే జరుగుతుంది. గిల్మోర్‌కి ఈ ఆల్బమ్ నచ్చలేదు, దాని రాజకీయం మీద మనసు లేదు. అయినా ఆ పాటలో ఆయన తీగ మీద లాగిన స్వరాలు వాటర్స్ చెప్పలేనిది చెప్పాయి. 2001లో బ్యాండ్ మొత్తం పాటల్లోంచి ఏరి 'ఎకోస్' అనే సంకలనం వేస్తే, 1983లో వచ్చిన ఈ ఆల్బమ్‌లోంచి అందులోకి వెళ్లిన పాట అదొక్కటే.

తమ్ముడు: 'ఫ్లెచర్ మెమోరియల్ హోమ్' అన్నాం కాబట్టి నన్ను నిజంగా ఇబ్బంది పెట్టేది చెప్తాను. తండ్రి పేరు మీద ఒక ఆశ్రమం. అందులోకి రీగన్, థాచర్, బ్రెజ్నెవ్, బెగిన్, నిక్సన్ అందరినీ చేర్చాడు. తమని తామే టీవీలో చూసుకుంటూ మురిసిపోతారు. అక్కడిదాకా అద్భుతం. చివర్లో వాళ్లందరినీ ఒక్కసారిగా లేకుండా చేయడానికి నాజీలు యూదుల మీద వాడిన మాటే వాడతాడు. అప్పటి ఇజ్రాయెల్ ప్రధాని మెనాఖెమ్ బెగిన్ ఎవరు? తల్లిదండ్రుల్నీ అన్ననీ నాజీల చేతుల్లో పోగొట్టుకున్నవాడు. లెబనాన్‌లో ఆయన చేసింది ఘోరమే, తిట్టు. ఆ మాట మాత్రం వాడకు. ఇంకా మొదటి పాటలో జపానువాళ్లని తక్కువ చేసే పేరుతో పిలుస్తాడు. యుద్ధం వద్దనే ఆల్బమ్‌కి ఇవి అవసరమా?

అక్క: అవసరం లేదు. జపానువాళ్ల మీద మాట నేను సమర్థించను. అది ఓడల పని పోగొట్టుకున్నవాడి నోట వచ్చిన మాటేనని అనొచ్చు, అయినా సమర్థించను. ఆశ్రమం పాట చివర మాత్రం వేరు. అక్కడ పాడేవాడు కొడుకు. వాళ్లని చంపేయాలని అతనికి అనిపిస్తోంది. అహింస గురించి పాడుతున్న నోట్లోంచే హింస ఊడిపడింది. అది దాచకుండా వినిపించాడు.

తమ్ముడు: దాచకపోవడం వేరు, చూపించడం వేరు అక్కా. ఇది తప్పు అని ఆ పాటలో ఎక్కడా సంకేతం లేదు. నువ్వు మంచి మనసుతో దాన్ని పూరించుకుంటున్నావు. రైటో గిల్మోరో పక్కన ఉంటే ఎవరో ఒకరు ఆ లైను దగ్గర ఆపేవాళ్లు. నేను బ్యాండ్ బ్యాండ్ అని ఏడుస్తున్నది కేవలం కీబోర్డ్ కోసం అనుకోకు.

అక్క: ...సరే. ఆ లైను దగ్గర నీకు ఓటిస్తాను. 'సౌతాంప్టన్ డాక్' దగ్గర మాత్రం ఇవ్వను. రెండు నిమిషాల పాట. నువ్వనే అరుపు అందులో ఎక్కడా లేదు. 1945లో ఆ రేవులో దిగినవాళ్లని చూసిన ఆడది ఇప్పుడు మళ్లీ రుమాలు పట్టుకుని నిలబడి ఉంది. 'కాన్‌బెర్రా', 'క్యూఈ 2' లాంటి విలాస ఓడల్నే సైన్యానికి తీసుకుని అక్కడినుంచి పంపారు. జనం జెండాలు ఊపారు. ఆ ఆల్బమ్ వచ్చాక జూన్ 9న ఎన్నికలు జరిగితే థాచర్ భారీ ఆధిక్యంతో గెలిచింది. దేశం మొత్తం గెలుపు మత్తులో ఉన్నప్పుడు, ఆ దేశంలోకెల్లా పెద్ద బ్యాండ్ ఒకటి, కొనేవాళ్లు ఏమనుకుంటారో చూసుకోకుండా, చచ్చిపోయినవాళ్ల గురించి రికార్డు వేసింది. దానికెంత గుండె కావాలి! నీకిష్టమైన 'ద డివిజన్ బెల్'లో ఎవరికి కోపమొచ్చింది చెప్పు?

తమ్ముడు: 'డివిజన్ బెల్'లో కోపం లేదు, ఒప్పుకుంటా. 1994 నాటికి వాటర్స్ లేడు. రైట్ తిరిగొచ్చాడు, పాటలు కట్టాడు, 'వేరింగ్ ద ఇన్‌సైడ్ అవుట్' పాడాడు. ఆ రికార్డంతా మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడుకోలేకపోవడం గురించే. అందులో సగం వాటర్స్ గురించేనని నా అనుమానం. 'హై హోప్స్' చివర గిల్మోర్ స్టీల్ గిటార్ వినక్కా. అక్కడ ఎవరిమీదా నింద లేదు. పోయినదాని మీద బెంగ ఉంది. నాకు పింక్ ఫ్లాయిడ్ అంటే ఆ బెంగే.

అక్క: నాకూ 'హై హోప్స్' ఇష్టమే. అది విన్నాక నిద్రపోగలను. 'ఫైనల్ కట్' విన్నాక పోలేను.

తమ్ముడు: చివరి పాట విన్నాక నేనూ పోలేను. 'టూ సన్స్ ఇన్ ద సన్‌సెట్'. కారులో ఇంటికి పోతుంటాడు, ఎదురుగా సూర్యుడు అస్తమిస్తున్నాడు, అద్దంలో చూస్తే వెనక ఇంకో సూర్యుడు. అణుబాంబు. పిల్లల గొంతులు గుర్తుకొస్తాయి. ఆఖరికి శత్రువూ మిత్రుడూ అంతా ఒకే బూడిద. ఆ పాటలో డ్రమ్స్ ఎవరు వాయించారో తెలుసా? ఆండీ న్యూమార్క్. పింక్ ఫ్లాయిడ్ వేసిన ప్రతి ఆల్బమ్‌లోనూ ఉన్న ఒకే ఒక్క మనిషి నిక్ మేసన్. వాటర్స్ ఉన్న ఆఖరి ఆల్బమ్‌లో, ఆఖరి పాటలో మాత్రం ఆయన డ్రమ్స్ లేవు. తాళం మధ్యమధ్యలో మారుతుంది, అది ఆయనకి కష్టమైంది. మేసన్‌కి కుదిరేలా పాటనే కాస్త వంచొచ్చు. వాళ్లు మనిషిని మార్చారు.

అక్క: పాట వంగితే ఆ కారు అలా అదుపు తప్పదురా. ఆ తాళం తడబడటమే కదా ఆ పాట.

తమ్ముడు: కావచ్చు. అయినా ఇదే రికార్డు వాటర్స్ తన పేరు మీద వేసుకుని ఉంటే నాకు ఏ తగువూ లేదు. చాలా మంచి సోలో ఆల్బమ్ అని నేనే అందరికీ చెప్పేవాణ్ణి.

అక్క: అలా వేసుకుని ఉంటే ఎవరు వినేవాళ్లు? ఆ మరుసటి ఏడాదే, 1984లో, 'ద ప్రోస్ అండ్ కాన్స్ ఆఫ్ హిచ్ హైకింగ్' అని తన పేరుతో వేశాడు. ఎరిక్ క్లాప్టన్ గిటార్ వాయించినా అది మొదటి స్థానం దరిదాపులకి రాలేదు. 'ఫైనల్ కట్' మొదటి స్థానానికి వెళ్లింది అట్ట మీద పింక్ ఫ్లాయిడ్ అని ఉన్నందుకే. ఆ పేరు వల్లే, శవం కూడా దొరకని ఒక సెకండ్ లెఫ్టినెంట్ పేరు లక్షల ఇళ్లలోకి వెళ్లింది. ఆ పేరుని ఇంతకంటే మంచి పనికి ఎప్పుడైనా వాడారా?

తమ్ముడు: ఆ పేరు నలుగురిది అక్కా. మొదట్లో బ్యాండ్‌లో ఉన్న సిడ్ బారెట్ పెట్టాడు, మిగతావాళ్లు పద్దెనిమిదేళ్లు మోశారు. వాళ్లకి ఆ తండ్రి మీద ఏ తగువూ లేదు. ముగ్గురినీ కూర్చోబెట్టి, ఇది మా నాన్న కోసం, నాతో రండి అని అడిగి ఉంటే వాళ్లూ ఆయన్ని మోసేవాళ్లే. రైట్‌ని పంపేసి, గిల్మోర్ పేరు కొట్టేసి, మేసన్ చోట్లో ఇంకొకడిని కూర్చోబెట్టి, వాళ్ల పేరు మాత్రం వాడుకున్నాడు.

అక్క: అడిగి ఉండాల్సింది. అది ఒప్పుకుంటాను. అడగలేదు కాబట్టి ఆ పాటలు తక్కువవి అంటే మాత్రం ఒప్పుకోను. ఇప్పుడే పెడతాను, విను. 2004లో మళ్లీ వేసినప్పుడు 'వెన్ ద టైగర్స్ బ్రోక్ ఫ్రీ' కూడా చేర్చారు కదా, తండ్రి చనిపోయిన రోజు గురించిన పాట. అదున్న రికార్డే పెడతాను.

తమ్ముడు: అది 1983 రికార్డులో లేదక్కా. నేను పాతదే వింటాను.

అక్క: ఇది నా ఇల్లు. కొత్తదే.